ఏ గదికి ఆ వత్తి

సువాసన కొవ్వొత్తి సరిగా వెలగకపోతే పోసినవాళ్లు ముందు సెంటునే అనుమానిస్తారు. వాసన రాలేదంటే ఇంకాస్త సెంటు కలపాల్సిందంటారు. మధ్యలో గుంట పడి ఆరిపోతే మైనం నాసిరకమంటారు. గ్లాసు అంచు నల్లబడితే ఆ గ్లాసే మంచిది కాదంటారు. ఈ మూడు ఫిర్యాదులకూ చాలాసార్లు మూలం ఒక్కటే. సామాను మొత్తంలో అన్నింటికన్నా చవగ్గా, అన్నింటికన్నా తక్కువ ఆలోచించి కొన్న వత్తి. జంగారెడ్డిగూడెం లాంటి ఊళ్లో కూర్చుని ఈ పని మొదలుపెట్టడం ఇప్పుడు కష్టమేమీ కాదు. సోయా మైనం, గాజు గ్లాసులు, మల్లె, గంధం, నిమ్మగడ్డి సెంట్లు అన్నీ కొరియర్‌లో ఇంటికే వస్తాయి. దీపావళికీ క్రిస్మస్‌కీ నాలుగు డజన్లు అమ్ముకోగలిగితే ఇంటి పట్టున ఉండే ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులు వస్తాయి. అయితే ఏ గ్లాసుకు ఏ నంబరు వత్తి వేయాలో చెప్పే పట్టికలు మాత్రం మన ఊళ్లను చూసి రాసినవి కావు. వాటిని ఎక్కువగా అమెరికా, ఐరోపా కంపెనీలు తమ గదులను బట్టి తయారుచేసుకున్నాయి. మే నెలలో మన ఇంటి గది వేరు. అందుకే మైనం, గ్లాసు, సెంటు, రంగు అన్నీ ఖాయమయ్యాక, అన్నింటికన్నా చివర, కొవ్వొత్తి వెలగబోయే గది లాంటి గదిలోనే వెలిగించి చూసి వత్తిని తేల్చుకోవాలి. పట్టిక ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, అంతవరకే దాని పని.

ఈ మాట ఎందుకంటున్నామో తెలియాలంటే మంట దేన్ని తింటుందో ముందు చూడాలి. కొవ్వొత్తిలో కాలుతున్నది వత్తి అని పైకి అనిపిస్తుంది. నిజానికి కాలేది మైనం. అదీ గట్టి మైనంగానో కరిగిన మైనంగానో ఉన్నప్పుడు కాలదు, ఆవిరి అయ్యాకే కాలుతుంది. మైకేల్ ఫారడే 1860-61 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని పిల్లలకు ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. అందులో చూపించిన ఒక పరీక్షను ఎవరైనా ఇంట్లో చేసి చూడవచ్చు. వెలుగుతున్న కొవ్వొత్తిని మెల్లగా ఆర్పి, వత్తి నుంచి తెల్లగా లేచే పొగకు కాస్త ఎత్తులో అగ్గిపుల్ల చూపిస్తే, మంట ఆ పొగ వెంట కిందికి దూకి వత్తిని మళ్లీ అంటుకుంటుంది. ఆ తెల్లటి పొగ మైనపు ఆవిరే. అంటే వత్తి చేసేది మోసుకొచ్చే పని. దాని పోగుల మధ్య ఉన్న సన్నటి సందుల గుండా కరిగిన మైనం పైకి పాకుతుంది, మంట సెగకు ఆవిరవుతుంది, గాలితో కలిసి కాలుతుంది. మంట వేడికి మరికొంత మైనం కరుగుతుంది, అదీ పైకి పాకుతుంది. మెట్ట పొలంలో బోరుకు ఎన్ని హార్స్‌పవర్ల మోటారు దించాలో నీళ్ల లోతునూ ఊటనూ చూసి నిర్ణయించినట్టే, వత్తి సైజును దాని కింద ఉన్న మైనాన్ని బట్టి నిర్ణయించాలి. వత్తి అవసరానికి మించి మైనాన్ని లాక్కొస్తే ఆవిరికి తగినంత గాలి అందదు, కాలని కార్బన్ మసిగా లేస్తుంది, వత్తి కొసన నల్లటి ముద్దగా కొడి కడుతుంది. తక్కువ లాక్కొస్తే మంట చిన్నబోతుంది, చుట్టూ చాలినంత మైనం కరగదు, చివరికి కరిగిన కాస్తలోనే మంట మునిగి ఆరిపోతుంది.

ఇక్కడ మన ఇళ్లలో సహజంగా వచ్చే అభ్యంతరం ఒకటుంది. వత్తి చేయడం మనకు కొత్తా? దూదిని అరచేతుల మధ్య పెట్టి నలిపితే నిలువు వత్తి, వేళ్లతో మెలిపెడితే పువ్వొత్తి. కార్తీక పౌర్ణమికి 365 వత్తుల కట్ట కట్టడం కూడా ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చు. అలాంటప్పుడు కొవ్వొత్తికి వత్తిని డబ్బు పెట్టి కొనడమెందుకు? ప్రశ్న న్యాయమైనదే. కానీ ప్రమిదలో వత్తి చేసే పనికీ గ్లాసులో వత్తి చేసే పనికీ చాలా తేడా ఉంది. ప్రమిదలో నూనె ముందునుంచే ద్రవం, దాన్ని కరిగించే బరువు మంట మీద లేదు. వత్తి అంచున వాలి ఉంటుంది, కొస మాత్రమే కాలుతుంది. కొడి కడితే పుల్లతో దులుపుతాం, తగ్గితే ఎగదోస్తాం, నూనె అయిపోతే పోస్తాం. దీపం పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. గ్లాసు కొవ్వొత్తిలో ఎగదోసేవాళ్లు లేరు. మైనం మట్టం తగ్గే కొద్దీ వత్తి తనంతట తానే కాలి పొట్టి కావాలి. మెలిపెట్టిన దూది వత్తి మంట నడిమధ్యన నిటారుగా నిలబడుతుంది. మంట లోపలి భాగానికి గాలి అందదు కాబట్టి కొస బూడిద కాదు, బొగ్గై పొడుగవుతూ పోతుంది. ఒకప్పుడు ఐరోపాలో పశువుల కొవ్వుతో చేసిన కొవ్వొత్తుల బాధ ఇదే. కాలిన వత్తిని మాటిమాటికీ కత్తిరించడానికి వాళ్లు ప్రత్యేకంగా కత్తెరలు చేయించుకున్నారు. 1825లో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే ఆయన వత్తిని జడలా అల్లే పద్ధతి తెచ్చాడు. జడ అల్లికలో పోగుల బిగువు వల్ల కొస ఒక పక్కకు వంగుతుంది, మంట అంచు దాటి గాలిలోకి వస్తుంది, అక్కడ పూర్తిగా కాలి బూడిదవుతుంది. తర్వాతి కాలంలో ఈ అల్లిక వత్తులను బోరిక్ ఆమ్లం లాంటి ద్రావణాల్లో నానబెట్టి ఆరబెట్టడం అలవాటైంది, బూడిద పేరుకోకుండా రాలడానికి. ఒక వత్తి తన కొసను తానే చూసుకోగలగడం వెనుక ఇంత పని ఉంది. చేత్తో నలిపిన దూదికి ప్రమిదలో ఉన్న గౌరవం ఎక్కడికీ పోదు, దాన్ని గ్లాసులో నిలబెట్టి కొడి కట్టిందని నొచ్చుకోవడమే అనవసరం.

బజారులో దొరికే వత్తుల్లో రకాలు చాలానే ఉన్నా తేడా అల్లికలోనూ లోపలి దన్నులోనూ ఉంటుంది. చదునుగా అల్లిన నూలు వత్తికి సన్నటి కాగితపు పోగులు కలిపి నేసినవి ఎకో, సీడీ రకాలు. ఎల్‌ఎక్స్ రకంలో వంపును అదుపులో పెట్టే దారాలు ఉంటాయి. హెచ్‌టీపీలో కాగితపు పోగు ఆసరా. వీటి నంబర్ల విషయంలో మోసపోకూడదు. ఎకో 10, సీడీ 10 అని రెండూ పదే అయినా సత్తువ ఒకటి కాదు, ఒక్కో వరుసకు లెక్క వేరు. లోపల జింకు తీగ ఉన్న వత్తులూ వస్తాయి, మెత్తటి మైనంలో నిటారుగా నిలబడటానికి. ఈ తీగ ఒకప్పుడు సీసంతో ఉండేది. కాలినప్పుడు సీసం గాలిలో కలుస్తుందని తేలి, అమెరికా ప్రభుత్వం 2003లో సీసపు వత్తులను నిషేధించింది. పేరూ ఊరూ లేని పొట్లంలో తీగ వత్తులు వస్తే, తీగ కొసను తెల్ల కాగితం మీద రుద్ది చూడాలి. పెన్సిల్ గీతలాంటి బూడిదరంగు చార పడితే అది సీసం కావచ్చు, దాన్ని వెలిగించకపోవడమే మంచిది. ఇక చెక్క వత్తి. పలచటి చెక్క పట్టీ, మంట వెడల్పుగా, చిటపటమని వినసొంపుగా ఉంటుంది. అందం నిజమే గానీ కొత్తవాళ్లకు అది మొండి ఘటం. కాస్త పొడవు ఎక్కువైతే పొగ, కాస్త తక్కువైతే ఆరిపోవడం. నూలు వత్తి మీద చేయి కుదిరాక దాని దగ్గరికి వెళ్లవచ్చు.

వత్తి సైజుకు మొదటి లెక్క గ్లాసు లోపలి వెడల్పు. ఎత్తుతో దానికి పెద్దగా సంబంధం లేదు, ఎత్తు పెరిగితే కొవ్వొత్తి ఎక్కువ గంటలు వస్తుంది అంతే. మంట చుట్టూ కరిగి నిలిచే మైనాన్ని మడుగు అందాం. వత్తి సరైనదైతే మడుగు గంటకు సుమారు అంగుళం చొప్పున వెడల్పవుతూ వస్తుంది. మూడంగుళాల గ్లాసులో మూడు గంటల పాటు వెలిగితే అది గోడను తాకాలి, లోతు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా ఉండాలి. మడుగు గోడను చేరకుండా ఆపేస్తే ఆ అంచు మైనం అలాగే నిలిచిపోతుంది. తర్వాతిసారి మంట ఆ గుంటలోనే దిగుతుంది, గట్టు ఇంకా ఎత్తవుతుంది, సగం మైనం వాడకుండానే కొవ్వొత్తి పనైపోతుంది. అలాగని గంటలోనే మడుగు గోడను తాకేస్తే సంతోషించకూడదు, అది వత్తి మరీ పెద్దదని చెప్పే గుర్తు. గ్లాసు పట్టుకోలేనంత కాలుతుంది, అడుగంటే సమయానికి పగిలే ప్రమాదమూ ఉంది. నాలుగంగుళాలు, అంతకుమించి వెడల్పున్న పాత్రకు ఒక్క లావు వత్తి వేయడం కన్నా రెండు సన్న వత్తులు వేయడం మేలు, వేడి ఒకచోట పోగుపడదు. గుణదల మేరీమాత ఉత్సవాల్లోనో, జంగారెడ్డిగూడేనికి దగ్గర్లోని గౌరీపట్నం నిర్మలగిరిలోనో భక్తులు వెలిగించే పొడుగాటి సన్న కొవ్వొత్తులకు ఈ లెక్కలేవీ వర్తించవు. వాటికి గోడ లేదు, గాలి చుట్టూరా ఆడుతుంది, కరిగింది కారిపోతుంది. ఆ కొవ్వొత్తుల దారాన్నే తెచ్చి గ్లాసులో వేసేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

రెండో లెక్క మైనం. పెట్రోలియం నుంచి వచ్చే పారాఫిన్ మనకు ఎప్పటినుంచో తెలిసినదే. అస్సాంలోని దిగ్బోయి రిఫైనరీది పాత పేరు, ఆ రాష్ట్రంలోనే నుమాలిగఢ్ రిఫైనరీ 2015లో ఏడాదికి 50,000 టన్నుల మైనం యూనిట్ పెట్టింది. పారాఫిన్ కరిగితే పలచగా ఉంటుంది, వత్తిలో సులువుగా పాకుతుంది, చిన్న వత్తి చాలు. గ్లాసుల కోసం చేసిన సోయా మైనం 50 డిగ్రీల లోపే కరిగినా నెమ్మదిగా కాలుతుంది, అదే గ్లాసుకు పారాఫిన్‌కు వేసిన దానికంటే ఒకటి రెండు సైజులు పెద్ద వత్తి అడుగుతుంది. తేనెపట్టు మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర గానీ కరగదు, దానికి బలమైన వత్తి కావాలి. పామ్ మైనానిదీ దాదాపు అదే తీరు, పైగా దానిలోని ఆమ్లగుణాన్ని తట్టుకునేలా శుద్ధిచేసిన వత్తి కావాలి. పామ్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. జంగారెడ్డిగూడెం చుట్టూ మెట్ట అంతా ఆయిల్‌పామ్ తోటలే. దేశంలో ఈ పంటకు ఆంధ్రప్రదేశ్ ముందుంటే, ఆంధ్రలో పాత పశ్చిమ గోదావరి జిల్లా ముందుంది. దీనికి జాతీయ పరిశోధన కేంద్రం 1995లో వచ్చింది కూడా ఏలూరు పక్కన పెదవేగిలోనే. పామాయిల్‌కూ కొవ్వొత్తికీ బంధుత్వం పాతదే, పందొమ్మిదో శతాబ్దంలో లండన్ ప్రైస్ కంపెనీ కొవ్వొత్తులకు పామాయిల్‌ను, సింహళం కొబ్బరినూనెను వాడింది. అయితే మిల్లు నుంచి వచ్చే నూనె నేరుగా మైనం కాదు. అందులోని గట్టి భాగాన్ని వేరుచేసి, హైడ్రోజన్ పట్టించాకే మైనమవుతుంది. కోనసీమ కొబ్బరినూనె కూడా అంతే. 24 డిగ్రీలకే కరిగిపోయే నూనెను మెత్తదనం కోసమని మైనంలో చేతికొచ్చినంత కలిపితే మడుగు అదుపు తప్పుతుంది, ఏ వత్తీ దాన్ని సరిచేయలేదు.

మూడోది సెంటు, దీన్ని వత్తి లెక్కలోకి తీసుకోకపోవడమే పెద్ద పొరపాటు. మైనం తూకంలో మామూలుగా 6 నుంచి 10 శాతం సెంటు కలుపుతారు. అది వాసన ఇచ్చి ఊరుకోదు, వత్తి పోగుల గుండా మైనంతోపాటు పైకి ఎక్కుతుంది కూడా. నిమ్మ, నారింజ లాంటి తేలిక నూనెలు త్వరగా ఆవిరై పోతాయి, వత్తిని పెద్దగా ఇబ్బంది పెట్టవు. వెనిల్లా, గంధం లాంటి వాసనల్లో బరువైన పదార్థాలు ఉంటాయి. వెనిల్లా వాసనకు మూలమైన వెనిలిన్ మరగాలంటే 285 డిగ్రీలు కావాలి. ఇలాంటివి పోగుల సందుల్లో పేరుకుని దారిని మూసేస్తాయి. అందుకే అదే గ్లాసు, అదే మైనం, అదే వత్తి అయినా మల్లె కొవ్వొత్తి చక్కగా వెలిగి వెనిల్లా కొవ్వొత్తి కునికిపాట్లు పడవచ్చు. రంగుదీ ఇదే కథ. పిల్లల క్రేయాన్ ముక్కను మైనంలో కరిగిస్తే రంగు వస్తుంది గానీ ఆ రంగు నూనెలో కరిగేది కాదు, మైనంలో సన్నటి పొడిగా తేలుతుంది. ఆ పొడి వెళ్లి వత్తి సందుల్లో కూర్చుంటుంది. కొవ్వొత్తుల కోసమే అమ్మే, నూనెలో కరిగే రంగును చిటికెడు వేయాలి, లేదా తెల్లగానే వదిలేయాలి. పైన ఎండిన గులాబీ రేకులు, దాల్చినచెక్క ముక్కలు పరచడం ఇప్పుడు ఫోటోల కోసం బాగా అలవాటైంది. ఆ రేకులు కరిగిన మైనం పీల్చుకుని తామే వత్తులైపోతాయి, ఒక మంట ఉండాల్సిన చోట నాలుగు మంటలు లేస్తాయి. అందం ఎంతున్నా దీన్ని సమర్థించలేం.

వాసన రావడం లేదంటే లావు వత్తి వేస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. ఈ నమ్మకానికి కొంత ఆధారం లేకపోలేదు. మరీ చిన్న వత్తి వల్ల మడుగు ఏర్పడకపోతే వాసన రాదు, అప్పుడు ఒక సైజు పెంచితే వస్తుంది. అక్కడి నుంచి ఇంకో సైజు, ఇంకో సైజు అని పోవడమే తప్పు. వాసన ఎక్కువగా వచ్చేది మంట నుంచి కాదు, వేడెక్కిన మడుగు పైభాగం నుంచి. మడుగు గోడదాకా వెడల్పై, పైన తేలిన సెంటు నెమ్మదిగా ఆవిరై గదిలోకి పోతే వాసన నిలుస్తుంది. వత్తి గుండా మంటలోకి వెళ్లిన సెంటు కాలిపోతుంది, వాసనగా మనకు దక్కదు. లావు వత్తి రెండు విధాలా నష్టమే. సెంటులో ఎక్కువ భాగాన్ని మంటకు ఆహుతి ఇస్తుంది, మడుగును అవసరానికి మించి కాచి తొలి గంటలోనే వాసనను ఖర్చుచేసేస్తుంది. తర్వాత మిగిలేది మసి వాసన. కార్తీకంలో 365 వత్తుల కట్ట వెలిగించినప్పుడు మంట ఎంత ఎత్తు లేస్తుందో, పొగ ఎలా చుట్టుముడుతుందో అందరూ చూసిందే. పోగులు పెరిగితే మంట పెరుగుతుంది, మంటతోపాటు పొగా పెరుగుతుంది. వత్తి సరిగ్గా ఉండి కూడా వాసన రాకపోతే అప్పుడు వెతకాల్సింది సెంటులోనూ, అది మైనంలో కలిసిన తీరులోనూ, పోసిన తర్వాత కొవ్వొత్తిని ఎన్నాళ్లు ఆరనిచ్చారన్నదానిలోనూ. సోయా మైనానికి సెంటు పట్టడానికి వారం, రెండు వారాలు ఆగాలి. పోసిన మర్నాడే వెలిగించి వాసన లేదని వత్తి మార్చేస్తే అసలు కారణం ఎప్పటికీ దొరకదు.

అన్నింటికన్నా తక్కువగా మాట్లాడుకునేది గది. మన ప్రాంతంలో దీని బరువు అన్నింటికన్నా ఎక్కువ. మడుగు అంచు దగ్గర మైనం సుమారు 48 డిగ్రీల దగ్గర కరుగుతుందనుకుందాం. గది 20 డిగ్రీలుంటే మంట ఆ అంచును 28 డిగ్రీలు పైకి లాగాలి, లాగినంతసేపూ గ్లాసు గోడల నుంచి వేడి బయటికి పోతూనే ఉంటుంది. గది 36 డిగ్రీలుంటే లాగాల్సింది 12 డిగ్రీలే, గోడల నుంచి పోయేదీ ఆ మేరకు తగ్గుతుంది. తేడా సగానికన్నా కిందికి పడిపోయింది. కరిగించడానికి మంట అదనంగా పెట్టాల్సిన వేడి ఉన్నా, మొత్తం మీద మంట మీద బరువు బాగా తగ్గుతుంది. అంటే చల్లటి గదిలో సరిపోయిన వత్తి మే నెల మధ్యాహ్నం మన గదిలో పెద్దదవుతుంది. మడుగు తొందరగా విస్తరిస్తుంది, లోతవుతుంది, గ్లాసు కాలుతుంది. విదేశీ పట్టికను అక్షరాలా నమ్మినవాళ్లకు వేసవిలో కొవ్వొత్తి మసి కక్కడానికి నా ఉద్దేశంలో ఇదే ముఖ్య కారణం. ఏజెన్సీ అంచున ఉన్న జంగారెడ్డిగూడెంలో డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగానే ఉంటాయి. క్రిస్మస్‌కు వెలిగే కొవ్వొత్తికి పట్టికలోని సైజు సరిపోవచ్చు, వేసవికి పోసేదానికి ఒక సైజు తగ్గించి పరీక్ష మొదలుపెట్టాలి. ఇంకొకటి ఫ్యాను. మన ఇళ్లలో ఎనిమిది నెలలు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఆ గాలికి మంట ఒక పక్కకు వాలుతుంది, ఆ పక్క గ్లాసు నల్లబడుతుంది, మడుగు వంకరగా పెరుగుతుంది. వణికే మంట సరిగా కాలదు కాబట్టి మంచి వత్తి కూడా మసి కక్కుతుంది. ఫ్యాను కింద మసి పట్టిందని వత్తి మార్చేముందు ఫ్యాను ఆపి ఒకసారి చూడాలి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. అమ్మేవాళ్లకు కొనేవాళ్ల గది ఎలా తెలుస్తుంది? ఇక్కడ పోసిన కొవ్వొత్తి హైదరాబాద్‌లో ఏసీ గదిలో వెలగవచ్చు, తాడేపల్లిగూడెంలో రేకుల ఇంట్లో వెలగవచ్చు. నిజమే, ప్రతి గదికీ ఒక వత్తి వేయలేం. కానీ రెండు తప్పుల్లో ఏది చిన్నదో తెలుసుకుంటే దారి దొరుకుతుంది. వత్తి కాస్త చిన్నదైతే అంచున పలచటి గట్టు మిగులుతుంది, అదీ చాలాసార్లు తర్వాత కరుగుతుంది. కొవ్వొత్తి సగం దిగాక లోతైన గ్లాసులో వేడి నిలిచి, అదే వత్తి పైన ఉన్నప్పటికంటే వేడిగా వెలుగుతుంది కాబట్టి. వత్తి పెద్దదైతే మాత్రం ఎత్తైన మంట, మసి, పగిలే గ్లాసు. ఒకటి కొంత మైనం నష్టం, రెండోది ఇంట్లో నిప్పు. రెండు సైజుల మధ్య సందేహం ఉంటే చిన్నదాని వైపు మొగ్గాలి. మొదటి రోజు అంచుదాకా కరగలేదని కంగారుపడకుండా కొవ్వొత్తి అడుగుదాకా చూసి తీర్పు చెప్పాలి.

పరీక్షలంటే డబ్బు దండగని ఇంకొందరి బాధ. కిలో మైనం పోసి పది గ్లాసులు పాడుచేసుకోనవసరం లేదు. వత్తి లేకుండానే ఒక గ్లాసులో మైనం, సెంటు అసలు కొలతలతో పోసి, గట్టిపడ్డాక నడుమ పుల్లతో రంధ్రం చేసి వత్తిని దించవచ్చు. మూడు నాలుగు గంటలు వెలిగించి, మడుగు వెడల్పు, లోతు, మంట ఎత్తు, కొస రంగు రాసుకుని, ఆరిపోయాక మైనం మెత్తగా ఉండగానే వత్తి లాగేసి, పైభాగం చదును చేసి ఇంకో సైజు దించవచ్చు. పట్టిక చెప్పిన సైజు ఒకటి, దానికి కింది సైజు ఒకటి, పై సైజు ఒకటి, మూడు చాలు. ఈ మూడింటిలో బాగున్నదాన్ని మాత్రం కొత్త గ్లాసులో మొదటినుంచీ చివరిదాకా, రోజుకు నాలుగు గంటలకు మించకుండా కాల్చి చూడాలి. ప్రతిసారీ వెలిగించేముందు వత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరించాలి. అలా కత్తిరించినా గంటలోనే కొసన కొడి కట్టి ఎర్రటి నిప్పుకణంలా వేలాడితే వత్తి పెద్దది. మంట నిలకడగా అంగుళం దగ్గరుండి, కొస కాస్త వంగి, అంచు మసిబారకుండా ఉంటే సరైనది. మంట ఎత్తు మూడంగుళాలకు చేరితే అది పరీక్షలో ఓడిపోయినట్టే, అమెరికా భద్రతా ప్రమాణం కూడా అక్కడే గీత గీసింది. మైనం అడుగున అర అంగుళం మిగలగానే ఆపేయాలి. వత్తి అడుగున బిగించే రేకు బిళ్ళ నడిమధ్యన అంటుకుని ఉందో లేదో కూడా చూడాలి. బిళ్ళ పక్కకు జరిగితే ఎంత మంచి వత్తీ ఒక పక్క గోడనే కాలుస్తుంది.

కొనేవాళ్లు ఇవేమీ చూసి ఉండరు కాబట్టి ఆ పరీక్ష ఫలితం వాళ్ల చేతికి ఒక చిన్న చీటీగా వెళ్లాలి. మొదటిసారి మూడు గంటలు వెలిగించండి, ప్రతిసారీ వత్తి కత్తిరించండి, ఫ్యాను కింద పెట్టకండి, నాలుగు గంటలకు మించి వదలకండి, పిల్లలున్న గదిలో ఒంటరిగా విడిచిపెట్టకండి. పోసేవాళ్లు తమ దగ్గర ఇంకో కాగితం ఉంచుకోవాలి. ఏ సరుకు మైనం, ఏ కంపెనీ సెంటు ఎంత శాతం, ఏ గ్లాసు, ఏ వత్తి నంబరు, పరీక్షించిన రోజు గదిలో ఎంత వేడి. సెంటు అమ్మేవాడు మారితే, మల్లె స్థానంలో గంధం వస్తే, గ్లాసు వెడల్పు అరంగుళం పెరిగితే ఆ కాగితంలోని వత్తి నంబరును కొట్టేసి మళ్లీ మూడు సైజులతో మొదలుపెట్టాలి.